జాబితాలో పేరు, సభలో గొంతు

(నాగాయలంకలో విద్యార్థులు, తల్లిదండ్రులు, సంఘ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నేటి సభలో మాకు ఇచ్చిన అంశంలో రెండు పెద్ద మాటలున్నాయి. ఒకటి విద్యార్థి దౌత్యం. రెండవది కృత్రిమ మేధ, దానివలన ప్రపంచ న్యాయానికి ఎదురవుతున్న ప్రశ్నలు. వినగానే ఇవి న్యూయార్కుకో జెనీవాకో చెందిన సంగతులనీ, కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఈ కొసన ఉన్న మనకు వీటితో పనేమిటనీ అనిపించవచ్చును. పని ఉన్నది. రేషన్ కార్డు జాబితాలో, పింఛను జాబితాలో, ఉపకార వేతనాల జాబితాలో మన పేరు ఉండడం, ఊడిపోవడం అనే ఇంటి సంగతితోనే ఈ రెండు మాటలూ ముడిపడి ఉన్నాయి. ఆ ముడి ఏమిటో చెప్పడమే మా ప్రయత్నం.

విద్యార్థి దౌత్యం అంటే ఏమిటి?

నమూనా ఐక్యరాజ్యసమితి అనే సభలను గురించి మన పిల్లలలో కొందరు విని ఉంటారు. నానాజాతి సమితి ఉన్న రోజులలో, 1920 దశకంలోనే అమెరికా విశ్వవిద్యాలయాలలో ఈ పద్ధతి మొదలైనది. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క దేశం అప్పగిస్తారు. ఆ దేశపు చరిత్ర, అవసరాలు, అభ్యంతరాలు చదువుకొని వచ్చి, దాని ప్రతినిధిగా మాట్లాడాలి, బేరమాడాలి, చివరకు ఒక తీర్మానం రాయాలి. తనకు నచ్చని దేశం వంతు వచ్చినా దాని పక్షమే వినిపించాలి. ఎదుటివాని కంటితో చూడడం నేర్పే చదువు ఇది. మన దేశంలో దీనికి సోదర ప్రాయమైన యువ పార్లమెంటు పోటీలను 1966లో ఢిల్లీ పాఠశాలలలో ప్రారంభించారు.

ఇది ధనవంతుల బిడ్డల వేడుక అనుకోనక్కరలేదు. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల నుండి పదిమంది విద్యార్థులు న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయానికి వెళ్ళి వచ్చారు. వారిలో అత్యధికులు బాలికలు, ఆ బాలికలలో ఒక ముస్లిం బిడ్డ కూడా ఉన్నది. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థుల నమూనా శాసనసభ జరిగినది. సర్కారు బడి పిల్లలు సభాపతిగా, మంత్రులుగా, ప్రతిపక్షంగా మాట్లాడగా రాష్ట్రమంతా చూసినది.

అయితే ప్రైవేటు విద్యాసంస్థలు జరిపే సభలకు రుసుము ఉన్నది, ప్రయాణపు ఖర్చు ఉన్నది, ఇంగ్లీషు భయం ఉన్నది. రొయ్యల చెరువు గట్టున రాత్రి కాపలా కాసే తండ్రి తన బిడ్డను అటువంటి సభకు ఎట్లా పంపగలడు? ఈ ప్రశ్నకు చివరలో వద్దాము. ముందుగా అక్కడకు వెళ్ళిన బిడ్డ ఏమి మాట్లాడాలో చూద్దాము.

యంత్రానికి అక్షరాలు తెలుసు, మనిషి తెలియదు

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవారము. మా ఉద్యోగ జీవితం జాబితాలతోనే గడిచినది. పాత పద్ధతిలో జాబితా నుండి ఒక పేరు కొట్టివేయాలంటే రిమార్కు గడిలో కారణం రాయాలి. కింద సంతకం ఉండాలి. నోటీసు ఇవ్వాలి. అభ్యంతరానికి గడువు ఉండాలి. ఆ పద్ధతి దోషరహితమని ఎవరూ అనలేరు. లంచం, బంధుప్రీతి, నిర్లక్ష్యం అందులోనూ ఉండేవి. కాని తప్పు చేసిన వానికి ఒక పేరు, ఒక కుర్చీ ఉండేవి. బాధితుడు ఆ కుర్చీ ముందు నిలబడి, ‘అయ్యా, నా పేరు ఎందుకు తీసివేశారు?’ అని అడగగలిగేవాడు.

ఇక మన పేర్ల సంగతి చూడండి. ఒక్క గ్రామంలోనే నలుగురు షేక్ మస్తానులు, ముగ్గురు షేక్ సుభానీలు, అయిదుగురు మీరాబీలు ఉండడం మనకు వింత కాదు. షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్ అనేవి ఇంటిపేరు గడిలో చేరుతాయి. ఉర్దూలో పలికిన పేరు తెలుగులో ఒక తీరుగా, ఇంగ్లీషులో రెండు మూడు తీర్లుగా నమోదవుతుంది. ఆధార్ కార్డులో ఒకటి, బ్యాంకు పుస్తకంలో మరొకటి, పట్టాలో ఇంకొకటి. ఊరి రెవెన్యూ ఉద్యోగికి వలలు అల్లే మస్తాను వేరు, కుట్టుమిషను మస్తాను వేరు అని తెలుసును. కంప్యూటరుకు అక్షరాలు మాత్రమే తెలుసును. అక్షరాలు కలిస్తే ఇద్దరు మనుషులు ఒకరవుతారు. అక్షరాలు కలవకపోతే ఒకే మనిషి ఇద్దరవుతాడు.

హైదరాబాదులో జరిగినది

ఇది ఊహ కాదు. పక్క రాష్ట్రమైన తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ ఉన్నది. వాహనాల రిజిస్ట్రేషను, ఆస్తి, విద్యుత్తు వంటి వేర్వేరు శాఖల వివరాలను ఒకచోట చేర్చి, ఎవరు ఎవరో పోల్చి, పథకాలకు ఎవరు అర్హులో తేల్చే యంత్రం అది. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుని కుటుంబానికి రేషను కార్డు నిరాకరించబడినది. కారణం, ఆయనకు కారు ఉన్నదట! కారు ఉన్నది నిజమే, కాని అది దగ్గరి పేరున్న వేరొక వ్యక్తిది. భర్త మరణానంతరం ఆ ఇంటి ఆడవారు తమకు కారు లేదని నిరూపించుకోవడానికి హైకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చినది. లేనిదానిని లేదని నిరూపించడం ఎంత కష్టమో ఆలోచించండి.

2024 జనవరిలో వెలువడిన పత్రికా పరిశోధన ప్రకారం 2014, 2019 సంవత్సరాల మధ్య తెలంగాణలో 18 లక్షల 60 వేలకు పైగా రేషను కార్డులు రద్దయ్యాయి. 1,42,086 కొత్త దరఖాస్తులు తిరస్కరించబడ్డాయి. నోటీసు ఇవ్వలేదు, ఇంటికి వెళ్ళి విచారించలేదు అన్న ఫిర్యాదుతో హైదరాబాదు సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆదేశించినది. ఆ పునఃపరిశీలనలో 2,05,734 దరఖాస్తులు చూసేసరికి 15,471 మంది అర్హులేనని తేలినది. అంటే నూటికి ఏడున్నర మంది. శాతం అంటే చిన్నదిగా కనిపిస్తుంది. 15,471 పొయ్యిలు అంటే చిన్నది కాదు.

ఇదే మసూద్‌ను 2021లో పోలీసులు వీధిలో ఆపి, మాస్కు తీయమని చెప్పి, ఫోటో తీసుకున్నారు. ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాలను పోలీసులు ఏ చట్టం ప్రకారం వాడుతున్నారని ఆయన తెలంగాణ హైకోర్టులో ప్రశ్నించారు. ఒక సామాన్య పౌరుడు అడిగిన ఆ ప్రశ్న దేశంలోనే అటువంటి వ్యాజ్యాలలో మొదటి వరుసలో నిలిచినది.

మన రాష్ట్రంలో ఆరు అంచెల పరిశీలన అన్న మాట మీరంతా విన్నదే. కరెంటు మీటరు 300 యూనిట్లు దాటినదనీ, నాలుగు చక్రాల బండి ఉన్నదనీ, ఇంట్లో ఎవరో ఆదాయపు పన్ను కడుతున్నారనీ పేరు ఆగిపోయిన కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి. టాక్సీకి, ఆటోకు, ట్రాక్టరుకు మినహాయింపు ఉన్నదని తెలియక ఊరుకున్నవారూ ఉన్నారు. నేడు ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందుతున్నాయి. 2025 జనవరి 30న ప్రారంభమైన ఈ సేవ వలన కార్యాలయాల చుట్టూ తిరిగే శ్రమ తగ్గినది, సంతోషము. అయితే సేవ ఫోనులోకి వచ్చినప్పుడు అభ్యంతరం చెప్పుకొనే చోటు కూడా అంత దగ్గరగా రావాలని కోరడం మన హక్కు.

ఒలందుల దేశంలో

యంత్రం తప్పులు పేద దేశాలకే పరిమితమని అనుకోవద్దు. బందరులో ఒకప్పుడు కోఠీ పెట్టుకొన్న ఒలందుల సమాధులు నేటికీ అక్కడ ఉన్నాయి. ఆ ఒలందుల దేశం, నెదర్లాండ్స్, ప్రపంచంలో సుపరిపాలనకు పేరుపొందినది. అక్కడి పన్నుల శాఖ పిల్లల సంరక్షణ భత్యంలో మోసాలు పట్టడానికి కంప్యూటరు లెక్కను వాడినది. ఎవరిని అనుమానించాలో ఆ లెక్క చెప్పేది. ఆ దేశ పౌరసత్వం లేకపోవడం కూడా అనుమానానికి ఒక గుర్తుగా లెక్కలో చేరినది. వేలాది కుటుంబాలు మోసగాళ్ళుగా ముద్రపడి, తీసుకున్న సొమ్మంతా తిరిగి కట్టమన్న ఆదేశాలతో అప్పులపాలయ్యాయి. వారిలో మొరాకో, టర్కీ మూలాలున్నవారు ఎందరో. నిజం బయటపడి 2021 జనవరి 15న ఆ దేశ ప్రభుత్వమే రాజీనామా చేసినది.

హైదరాబాదులోని రిక్షా కార్మికునికీ, నెదర్లాండ్స్‌లోని వలస తల్లికీ పరిచయం లేదు, భాష ఒకటి కాదు. ఇద్దరికీ జరిగిన అన్యాయం మాత్రం ఒకటే. ఎవరో దూరంగా కూర్చుని తయారుచేసిన లెక్క వారిని అనుమానించినది. కారణం చెప్పలేదు. అడగడానికి చోటు చూపలేదు. కృత్రిమ మేధ విషయంలో ప్రపంచ న్యాయం అన్న పెద్దమాటకు మాకు తెలిసిన అర్థం ఇదే.

యుద్ధంలో ఈ లెక్క ప్రాణాలే తీస్తున్నదన్న ఆరోపణ ఉన్నది. గాజాపై దాడులలో ‘లావెండర్’ అనే వ్యవస్థ దాదాపు 37,000 మంది పాలస్తీనీయులను అనుమానితులుగా గుర్తించినదని, ఒక్కొక్క పేరుపై మనిషి పరిశీలన కొన్ని క్షణాలే సాగినదని 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ పాత్రికేయులే రాశారు. మనుషులను లక్ష్యాలుగా యంత్రం నిర్ణయించదని ఆ దేశ సైన్యం బదులు చెప్పినది. రేషను జాబితాలో తప్పు జరిగితే కోర్టుకు వెళ్ళవచ్చు. ఈ జాబితాలో తప్పు జరిగితే వెళ్ళడానికి మనిషే మిగలడు.

బల్ల చుట్టూ ఎవరున్నారు?

ఈ యంత్రాలకు నియమాలు ఎవరు రాస్తున్నారు? 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సలహా మండలి ఒక నివేదిక ఇచ్చినది. సమితి వెలుపల కృత్రిమ మేధపై జరిగిన ఏడు ప్రధాన అంతర్జాతీయ ప్రయత్నాలను పరిశీలిస్తే, 193 సభ్య దేశాలలో ఏడింటిలోనూ ఉన్నవి ఏడు దేశాలే. ఏ ఒక్కదానిలోనూ లేనివి 118 దేశాలు. ఆ 118లో అత్యధికం ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలు.

బల్ల దగ్గర లేనివారి గతి ఏమవుతుందో మన బందరు చరిత్రే చెబుతుంది. 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో కోఠీ పెట్టినది. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా వారికి బంగారు ఫర్మానా అనే అనుమతి ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాలు కట్టి, రాజ్యపు రేవులన్నింటిలో వర్తకం చేసుకోవచ్చును. ఆనాడు అది లాభసాటి బేరంగానే తోచి ఉంటుంది. నేసిన సాలీని, సరుకు మోసిన కూలీని ఎవరు అడిగారు? 127 ఏళ్ళ తరువాత, 1759లో, అదే కంపెనీ సైన్యం మచిలీపట్నం కోటను ఫ్రెంచివారి నుండి గెలుచుకున్నది. వర్తకానికి వచ్చిన కంపెనీ ఏలికగా మారినది. నేడు మన ముఖాలు, గొంతులు, వేలిముద్రలు, మన భాషలో రాసిన మాటలు కంపెనీలకు సరుకు. ఈ బేరం ఏ షరతులపై జరుగుతున్నదో చదివి అర్థం చేసుకొనే బిడ్డలు మనలో ఉండాలా, వద్దా?

తలుపులు పూర్తిగా మూసి లేవు. కృత్రిమ మేధ నైతికతపై 2021 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు ఒక సిఫారసును ఆమోదించాయి. 2024 మార్చి 21న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ తన మొదటి తీర్మానం చేసినది. 2025 ఆగస్టులో 40 మంది నిపుణుల స్వతంత్ర బృందాన్ని, అన్ని దేశాలూ పాల్గొనే ప్రపంచ చర్చను నెలకొల్పినది. ఆ చర్చకు 2026లో జెనీవాను, 2027లో న్యూయార్కును వేదికలుగా నిర్ణయించినది. మన కొత్త ఢిల్లీలోనే 2026 ఫిబ్రవరిలో పెద్ద శిఖరాగ్ర సభ జరిగినది. పిల్లల నమూనా సభలు పెద్దల సభలకు మెట్లు. నేడు మెట్టెక్కిన బిడ్డ ఇరవై ఏళ్ళ తరువాత లోపల కూర్చుంటుంది.

యంత్రం శత్రువు కాదు

మేము యంత్రాన్ని నిందించడానికి రాలేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ ఎంతమందిని పోగొట్టుకున్నదో ఇక్కడి పెద్దలకు చెప్పనక్కరలేదు. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం దగ్గరే మరో పెను తుపాను తీరం దాటినది. ముందుగా హెచ్చరించి లక్షలాది మందిని తరలించినందున ప్రాణనష్టం మునుపటితో పోలిస్తే ఎంతో తగ్గినది. ఆకాశాన్ని చూసే యంత్రం మనకు మిత్రుడే. అయితే ఆనాడు యంత్రం హెచ్చరించినది, తరలించే నిర్ణయానికి మనుషులు బాధ్యత వహించారు. ఆ వరుస తారుమారు కాకూడదన్నదే మన మాట.

ఖుర్ఆన్‌లోని అన్నింటికంటే పొడవైన ఆయతు అప్పు పత్రం గురించినదని మీకు తెలుసును. బఖరా సూరాలోని 282వ ఆయతు. రాసేవాడు న్యాయంగా రాయాలనీ, సాక్షులు ఉండాలనీ, చెప్పుకోలేని బలహీనుని పక్షాన అతని సంరక్షకుడు చెప్పాలనీ అందులో బోధ ఉన్నది. లేఖకుని వృత్తిలో బతికిన మాకు ఆ బోధ ఎల్లప్పుడూ మార్గదర్శకమే. నేడు రాసే చేయి యంత్రానిది. న్యాయంగా రాయించే బాధ్యత మాత్రం మనిషి నుండి తొలగిపోలేదు.

పిల్లలు సభలో అడగవలసినవి

ఏ దేశం ప్రతినిధిగా కూర్చున్నా మన పిల్లలు నాలుగు కోరికలను మరువకూడదు. ఒకటి, యంత్రపు లెక్క ఆధారంగా ఎవరి పేరు తీసివేసినా ముందుగా నోటీసు ఇవ్వాలి. రెండు, కారణం వారి మాతృభాషలో రాతపూర్వకంగా చెప్పాలి. మూడు, తిరిగి విచారించడానికి పేరూ హోదా ఉన్న ఒక అధికారి ఉండాలి. నాలుగు, ఏ మతం, ఏ కులం, ఏ ప్రాంతం వారిపై తప్పులు ఎక్కువ పడుతున్నాయో ఏటా లెక్కగట్టి ప్రకటించాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. 2024 ఆగస్టు 1న అమలులోకి వచ్చిన ఐరోపా సమాఖ్య చట్టం కొన్ని ప్రమాదకర వ్యవస్థల విషయంలో బాధితుడు వివరణ కోరే హక్కును గుర్తించినది. మన దేశంలో 2005 నాటి సమాచార హక్కు చట్టం, సెక్షన్ 4(1)(డి), ప్రభుత్వ నిర్ణయాలకు కారణాలను బాధితులకు తెలియజేయాలని ఏనాడో చెప్పినది. అంటే మన బిడ్డ ఆ సభకు అడుక్కోవడానికి మాత్రమే వెళ్ళదు, ప్రపంచానికి చెప్పదగిన ఒక సెక్షను చేతబట్టుకొని వెళుతుంది.

ఇంకొక కిటుకు చెబుతాము. ఐక్యరాజ్యసమితి తీర్మానం మన జీవో లాగే ఉంటుంది. జీవోలో పైన ‘చదివినవి’ అని పాత ఉత్తర్వుల వరుస ఉంటుంది, కింద అసలు ఉత్తర్వు ఉంటుంది. తీర్మానంలోనూ పైభాగం పీఠిక, కిందిభాగం ఆచరణ. ‘న్యాయం’, ‘సమానత’ అన్న మాటలు పీఠికలో ఎన్ని ఉన్నా సంతోషించవద్దు. కింద ఎవరు, ఎప్పటిలోగా, ఏమి చేయాలో ఉన్నదా అని చూడండి. చాలామంది వక్తలు పీఠిక దగ్గరే ఆగిపోతారు.

మనం ఇక్కడ చేయవలసినది

రుసుము కట్టలేని బిడ్డ సంగతికి ఇప్పుడు వస్తాము. నమూనా సభకు పెద్ద హాలు అవసరం లేదు. మన బడిలో, మసీదు పక్కన మక్తబు గదిలో, సెలవు దినాన ఇరవై మంది పిల్లలు చాలు. ఒకరు తహసీల్దారు, ఒకరు కంపెనీ ప్రతినిధి, ఒకరు మంత్రి, ఒకరు పేరు ఊడిన ముసలమ్మ, మరొకరు ఆ 118 దేశాలలో ఒక దేశం. మొదట తెలుగులో జరపండి. వాదన కుదిరిన తరువాత ఇంగ్లీషు దానంతట అదే వస్తుంది. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరు, వాటిలో 1973 నుండి అరబ్బీ ఒకటి. మక్తబులో అలిఫ్ బే నేర్చిన బిడ్డ ఆ భాషను శ్రద్ధగా కొనసాగిస్తే అది కూడా ఒక తలుపే. ఈ సభలలోకి హిందూ, క్రైస్తవ సోదరుల పిల్లలను తప్పక పిలవండి. జాబితాలో తప్పు మతం చూసి ఆగదు. ఎస్సీ పేటలోనూ, మత్స్యకారుల పల్లెలోనూ ఒకే పేరున్నవారు పలువురు ఉంటారు.

ఆ సాధన ఊరికే పోకూడదు. ప్రతి సభ తరువాత పిల్లలు తమ వీధిలో పేరు ఊడిన ఒక్క కుటుంబానికి సమాచార హక్కు దరఖాస్తు రాసి ఇవ్వాలి. ముప్పై రోజులలో జవాబు రావాలి. రేషను విషయమైతే 2013 ఆహార భద్రతా చట్టం కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి అర్జీ పెట్టాలి. అమ్మమ్మ కార్డు కోసం అర్జీ రాసిన బిడ్డకు న్యాయం అంటే ఏమిటో సభలో ఎవరూ నేర్పనక్కరలేదు. రిటైరైన ఉద్యోగులము, ఉపాధ్యాయులము మనలో ఉన్నాము. కలం పట్టిన చేతులు ఖాళీగా ఉండకూడదు. మీ ఊరిలో ఇటువంటి బృందం కూర్చున్న నాడు పిలవండి, మేము వస్తాము.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆడపిల్ల దూరపు సభకు ఎంపికైనప్పుడు ‘పెళ్ళీడు పిల్లకు ఎందుకు?’ అన్న మాట మన ఇళ్ళలో వినిపిస్తున్నది. కార్డు కోసం, పింఛను కోసం కార్యాలయాల చుట్టూ తిరిగేది ఎక్కువగా మన ఆడవారే. నష్టపడేటప్పుడు ముందు వరుసలో ఉన్నవారిని మాట్లాడేటప్పుడు వెనుక వరుసలో కూర్చోబెట్టడం న్యాయమా? వెంట ఒక తోడును పంపండి, జాగ్రత్తలు చెప్పండి, కాని పంపండి.

విద్యార్థులారా! పెద్ద వేదికపై మీకు మూడు నిమిషాలే దొరకవచ్చును. ఆ మూడు నిమిషాలలో ఏ దేశపు పేరుపలక మీ ముందున్నా, కారు లేకున్నా కారు ఉన్నదని రాయబడిన ఆ రిక్షా కార్మికుని తరపున ఒక్క ప్రశ్న అడగండి: ఈ లెక్కకు ఎవరు జవాబుదారీ? దానికి ఒక మనిషి పేరు జవాబుగా వచ్చేవరకు కూర్చోకండి.

అల్లాహ్ మన పిల్లల నోట సత్యాన్ని, మన అందరి చేత న్యాయాన్ని పలికించుగాక. ఆమీన్.